తెర వెనక రెండంగుళాలు

ఆ ఊళ్ళో పెద్దమనుషుల నడుముల గురించిన నిజం ఒకే ఒక్కడికి తెలుసు. ఆ ఒక్కడు పని చేస్తుండగా పెద్దమనుషుల్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఆయన ఊళ్ళోకెల్లా పేరున్న కోట్ల దుకాణంలో కటింగ్ మాస్టరు. దుకాణం ముందు గదికీ వెనక గదికీ నడుమ ఇత్తడి రింగులకు ఒక ఆకుపచ్చ తెర వేలాడుతుండేది. దాని అవతల పద్దెనిమిదేళ్ళు నిలబడి కత్తెర ఆడించాడు కాబట్టి ఆయనకు తెర మాస్టరు అని పేరు పడిపోయింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఇంకొకటి ఉండేది. దాన్ని ఓటర్ల జాబితావాళ్ళు తప్ప ఎవరూ వాడేవారు కాదు. వాళ్ళు కూడా తప్పుగానే రాసేవారు.

ఆయన తాతగారు రైలు పట్టాలు వేయడానికి ఓడలో వచ్చినవాడు. పట్టాలు వేశాడు, వాటి మీద రైళ్ళు నడిచాయి, ఆ రైళ్ళు పాతబడిపోయి కొత్తవి వచ్చాయి కూడా. ఆ కుటుంబాన్ని మాత్రం ఊరు ఇంకా ఓడవాళ్ళు అనే పిలిచేది. అంటే మూడు తరాలు గడిచినా వాళ్ళని ఓడ దిగనివ్వలేదన్నమాట. జాతి వేరు, ఒంటి రంగు నాలుగు ఛాయలు ముదురు, జుట్టు ఉంగరాలు. ఇంతకుమించి తేడాలు కనిపెట్టే ఓపిక ఊరికి లేదు, ఉన్నవాటితోనే సరిపెట్టుకుంది.

దుకాణంలో పని జరిగే పద్ధతి ఇది. ముందు గదిలో వీధివైపు రెండు పెద్ద కిటికీలు, మూడు రెక్కల నిలువుటద్దం, అద్దం ముందు జానెడు ఎత్తు చెక్కపీట. కస్టమరు వచ్చి పీట ఎక్కుతాడు. యజమాని మెడలోంచి టేపు తీసి, ఆయన చుట్టూ తిప్పి, కొలతలు పైకి చదువుతాడు. తెర వెనక మాస్టరు రాసుకుంటాడు. వినడానికి సవ్యంగానే ఉంది. చిక్కల్లా యజమాని మర్యాదతోనే. నలభై ఒకటిన్నర అంగుళాల నడుముని పట్టుకుని నలభై ఒకటిన్నర అని దాని మొహం మీదే అనడానికి ఆయనకు నోరు రాదు. కస్టమరు ఊపిరి బిగబట్టిన ముహూర్తం కనిపెట్టి, టేపు కింద గాలి కూడా దూరకుండా లాగి, "నడుము ముప్పై తొమ్మిదిన్నర" అని కోర్టులో తీర్పు చదివినట్టు చదివేవాడు. "ఇంకా కాలేజీ రోజుల్లోలాగే ఉన్నారండీ" అని పైన ఒక ముక్క చేర్చేవాడు. పీట దిగే కస్టమరు పదేళ్ళు చిన్నవాడై దిగేవాడు.

ముప్పై తొమ్మిదిన్నరకు కోసిన కోటు నలభై ఒకటిన్నర మీద ఎలా కూర్చుంటుందని అడగవచ్చు. తెర వెనక మాస్టరు పీట మూలుగు వినేవాడు. ఆ మూలుగును బట్టి మనిషి బరువు తెలిసేది. తెర అంచున వేలెడు సందులోంచి భుజమూ పొట్టా ఓరగా కనిపించేవి. ఇక యజమాని గొంతులో మర్యాద ఎంత పొంగితే టేపు కింద నడుము అంత పొంగినట్టు. ఈ మూడూ కలిపి ఆలోచించి, యజమాని చెప్పిన అంకెను దుకాణం కొలతల పుస్తకంలో సిరాతోనూ, అసలు అంకెను తన జేబులోని చిన్న నోటుబుక్కులో పెన్సిలుతోనూ రాసుకునేవాడు. బట్ట కోసేది నోటుబుక్కు ప్రకారం. తేడా మామూలుగా రెండంగుళాలు. పెళ్ళిళ్ళ తరుణంలో మూడు.

పద్దెనిమిదేళ్ళలో ఒక్క కోటూ వెనక్కి రాలేదు. దానివల్ల ఒక అనర్థం జరిగింది. యజమాని తన కొలతల్ని తానే నమ్మడం మొదలుపెట్టాడు.

మాస్టరు ఒకసారి చెప్పబోయాడు కూడా. "జడ్జిగారి నడుముకి రెండంగుళాలు కలిపానండీ" అన్నాడు. యజమాని కడుపారా నవ్వాడు. "నువ్వు కలపడమేమిటి మాస్టర్. నా టేపు అబద్ధం చెబుతుందా?" అన్నాడు. ఆ తర్వాత మాస్టరు చెప్పడం మానేశాడు. కలపడం మానలేదు. చేతిపని మీద ఉన్న మమకారం అలాంటిది. అది యజమాని కోసం కాదు, కోటు కోసం.

వెనక గదికి కిటికీ లేదు. సందులోకి ఒక తలుపు, నెత్తిమీద ఒక బల్బు, అంతే. ఆ బల్బు కింద ముదురు నీలం బట్టల మీద సుద్దగీతలు గీసి గీసి, ఏభై ఒకటో ఏట మాస్టరుకు ఒక గీత రెండుగా కనిపించసాగింది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన రెప్పలు ఎత్తి, దీపం వేసి చూసి, పెదవి విరిచాడు.

"ఇంకో రెండేళ్ళు ఆ చీకటి కొట్లో పని చేస్తే సుద్దగీత సంగతి దేవుడెరుగు, సుద్దముక్క కూడా కనపడదు. పగటి వెలుతురులో ఉండే పని చూసుకో" అన్నాడు.

పగటి వెలుతురు దుకాణంలో ఒక్కచోటే ఉంది. ముందు గదిలో కిటికీ పక్క బల్ల. యజమాని బావమరిది అక్కడ కూర్చుని ట్రయల్ చూసేవాడు. అంటే సగం కుట్టిన కోటు కస్టమరుకు తొడిగి, ఎక్కడ బిగువో ఎక్కడ వదులో పిన్నులు పెట్టి గుర్తు వేయడం. ఆ బావమరిది మోకాళ్ళు పోయి అదే నెలలో పని మానుకున్నాడు. "ఆ బల్ల ఖాళీ అయిననాడు నీదే" అని యజమాని ఏడేళ్ళుగా అంటూనే ఉన్నాడు. అందుకని మాస్టరు వెళ్ళి అడిగాడు.

"కూర్చో మాస్టర్" అన్నాడు యజమాని.

పద్దెనిమిదేళ్ళలో కూర్చోమనడం అదే మొదటిసారి. పని కాదని మాస్టరుకు అప్పుడే తెలిసిపోయింది.

"నాకేం అభ్యంతరం లేదు. నీకు తెలుసుగా, నాకు మనుషుల రంగు కనపడదు" అన్నాడు యజమాని.

రంగులు కనపడకుండా బట్టల వ్యాపారం ఎలా సాగుతోందని అడుగుదామనిపించింది మాస్టరుకు. మింగేశాడు.

"కానీ కస్టమర్లు ఉన్నారే. ట్రయల్ అంటే ఒంటి మీద చెయ్యి వేసే పని. పాతకాలం మనుషులు, వాళ్ళ పట్టింపులు వాళ్ళవి. నేను మార్చగలనా? ఇవాళ ఒకళ్ళు మానేస్తారు, రేపు పదిమంది మానేస్తారు. అప్పుడు నువ్వూ లేవు, నేనూ లేను. నీ మంచి కోరి చెబుతున్నా."

"ఎవరు సార్?"

"ఏమిటి ఎవరు?"

"మానేసేది ఎవరండీ? ఎవరో ఒక్కరిని చెప్పండి. వారి కోట్లు ఎప్పటిలాగే వెనకే చూసుకుంటాను."

"ఒక్కరని ఎలా చెబుతామయ్యా" అని యజమాని గాలిలో చెయ్యి గుండ్రంగా తిప్పాడు. "వాతావరణం. వాతావరణం అలా ఉంది."

మర్నాడు కిటికీ పక్క బల్ల మీద ఒక పూలకుండీ వచ్చి కూర్చుంది. పగటి వెలుతురు దానికి బాగా అచ్చివచ్చింది. వారంలో రెండు మొగ్గలు వేసింది.

మాస్టరు భార్య అదే దుకాణం కోట్లకు ఇంటి దగ్గర కాజాలు కుట్టేది. చేతిలో సూది ఎంత చురుకో నోట్లో నాలుక అంతకంటే చురుకు.

"అడిగావా?" అంది.

"అడిగాను. ఆయనకేం అభ్యంతరం లేదట."

"మరింకేం?"

"కస్టమర్లకట."

"ఏ కస్టమరుకి?"

"ఒకళ్ళని కాదట. వాతావరణానికట."

ఆమె దారం పంటితో కొరికింది. "అయితే ఆ వాతావరణం నడుము ఎంతో కనుక్కురా. దానికీ ఒక కోటు కుట్టి పడేద్దాం" అంది. సూది పక్కన పెట్టి, "నవ్వులాటకి అనడం లేదు. పోయేవి నీ కళ్ళు. ఎవరికి అభ్యంతరమో వాళ్ళనే అడుగు. కోట్లు ఇచ్చిరావడానికి ఎలాగూ వాళ్ళ గుమ్మాలు తొక్కుతావుగా" అంది.

వాళ్ళ పెరటి గుమ్మాలని అనాలి. కుట్టిన కోట్లు ఇళ్ళకు చేర్చేపని కూడా మాస్టరుదే, ఓడవాళ్ళు వచ్చేది పెరటి దారినే. అక్కడ వంటమనిషి కోటు అందుకుంటుంది. ఈసారి మాస్టరు కోటు ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని, "అయ్యగారితో ఒక్క ముక్క" అంటూ నిలబడిపోవడం మొదలుపెట్టాడు.

మొదట కళ్ళ డాక్టరు. విషయమంతా విని చాలా బాధపడ్డాడు. "నాకా? నాకేం అభ్యంతరం? వెలుతురులో పని చేయమన్నవాణ్ణే నేను. కానీ మన హెడ్మాస్టరుగారు ఉన్నారు చూడు, ఆయనకి కాస్త ఇదిగా ఉంటుంది" అన్నాడు. ఆ ఇదిగా అనేది ఏమిటో మాస్టరు అడగలేదు. అడిగితే డాక్టరు కూడా గాల్లో చెయ్యి తిప్పేవాడే.

హెడ్మాస్టరు నొచ్చుకున్నాడు. మనుషులంతా ఒక్కటేనని బళ్ళో ఏటా ఉపన్యాసం ఇచ్చేది తానేనని గుర్తుచేశాడు. "నాకేం లేదయ్యా. జడ్జిగారి తరం వేరు కదా. పెద్దాయన. ఆ వయసులో ఆయన్ని మనం ఇబ్బంది పెట్టగలమా?" అన్నాడు.

రిటైరైన జడ్జి పెరట్లోనే వాలుకుర్చీలో ఉన్నాడు. చట్టం ముందు అందరూ సమానమేనని ముందుగా ప్రకటించి, చట్టం దుకాణాల లోపలికి ఎంతవరకు వెళుతుందో పావుగంట వివరించి, చివరికి తేల్చాడు. "నా మటుకు నాకు అభ్యంతరం లేదు. అయితే క్లబ్బు ఒకటుంది. మా కార్యదర్శి మర్యాదలు బాగా చూసే మనిషి. ఆయన ఎలా తీసుకుంటాడో."

క్లబ్బు కార్యదర్శి లావుపాటి మనిషి, దాచుకోవడం చేతకానివాడు. మాస్టరు అడిగింది విని తెల్లబోయాడు.

"మాకేం అభ్యంతరమయ్యా? పట్టింపు మీ యజమానికి కదా. నిన్ను పనిలో పెట్టుకున్ననాడే మాతో అన్నాడు. మనిషి ఓడవాడు, చెయ్యి బంగారం, పక్కన నిలబెట్టుకోవడం నావల్ల కాదు, అందుకే తెర కట్టించా అని. ఆయన మనసు కష్టపెట్టడం దేనికని మేమెవరమూ ఆ ఊసెత్తలేదు. ఇప్పుడాయన మా క్లబ్బులో చేరుతున్నాడు కూడాను."

మాస్టరు కోటు అందించి వచ్చేశాడు. ఆ తెర దుమ్ము పడకుండా ఎప్పటినుంచో ఉన్నదేనని పద్దెనిమిదేళ్ళు అనుకున్నాడు. ఏటా రెండుసార్లు దాన్ని తానే ఉతికించి, రింగులకు చింతపండు పెట్టి తోమేవాడు కూడా.

ఇంటికెళ్ళి చెబితే భార్య వేళ్ళ మీద లెక్కపెట్టింది. "డాక్టరు హెడ్మాస్టరు మీద, హెడ్మాస్టరు జడ్జి మీద, జడ్జి ఆ లావుపాటాయన మీద, ఆయన మీ సారు మీద, మీ సారు మళ్ళీ వీళ్ళ మీద. అంటే ఎవరికీ లేదు, అందరికీ ఉంది." కాజా తిరగేసి చూసుకుంటూ అంది, "పద్దెనిమిదేళ్ళు వాళ్ళ పొట్టలు దాచిపెట్టావు. నీకు దక్కింది ఒక బల్బు."

మాస్టరు అరిచి గోల చేసే మనిషి కాదు. ఆయన కోపం కూడా కటింగ్ మాస్టరు కోపమే. ముందు కొలుస్తుంది, తర్వాత గీత గీస్తుంది, ఆ తర్వాతే కోస్తుంది. రెండు వారాలు ఆయన మాట్లాడకుండా పని చేసుకున్నాడు. యజమాని అది చూసి, పాపం అర్థం చేసుకున్నాడని సంతోషించాడు.

అంతలో క్లబ్బుకు ఏభయ్యో ఏడు వచ్చింది. కార్యవర్గం పన్నెండుమందికీ ఒకే రంగు కోట్లు వేసి ఫొటో తీయించాలనీ, దాన్ని క్లబ్బు హాల్లో శాశ్వతంగా తగిలించాలనీ తీర్మానం జరిగింది. యజమానిని ఆరోజే సభ్యుడిగా చేర్చుకుంటారు గనక పదమూడో కోటు ఆయనది. ఆ సభ్యత్వం కోసం ఆయన పదేళ్ళు కాచుకున్నాడు. రాత్రిళ్ళు నిద్రలో కూడా కార్యదర్శిని పలకరించేవాడని ఇంట్లోవాళ్ళే చెప్పేవారు.

కొలతలన్నీ ఒక్క మధ్యాహ్నంలో తీశారు. యజమాని మర్యాద ఆరోజు పొంగినట్టు మరెన్నడూ పొంగలేదు. డాక్టరు నడుము ముప్పై తొమ్మిదిన్నర. హెడ్మాస్టరుది ముప్పై ఆరు. కార్యదర్శి ఎక్కినప్పుడు పీట పెట్టిన కేక వీధిలోకి వినపడింది. అయినా "నలభై రెండు" అని యజమాని చిరునవ్వుతో పలికాడు. అందరూ వెళ్ళాక తానే పీట ఎక్కి, అద్దంలో చూసుకుంటూ, తన నడుము తానే కొలుచుకుని, "ముప్పై ఏడు రాసుకో మాస్టర్" అన్నాడు. కాదని పీట గట్టిగానే చెప్పింది. మాస్టరు రాసుకున్నాడు.

మర్నాడు ఆయన జేబులోని నోటుబుక్కు తీయలేదు. దుకాణం కొలతల పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టుకుని, సిరాతో ఉన్న అంకెల ప్రకారం, ఒక్క పోగు ఎక్కువ తక్కువ లేకుండా పదమూడు కోట్లు కోశాడు. పన్నెండు కోట్లకు కుట్ల లోపల మూడంగుళాల బట్ట మడిచి వదిలాడు. ఆ పన్నెండుమందికి తన అవసరం పడాలి, తన చేత్తోనే తీరాలి. పదమూడో కోటుకు ఏమీ వదల్లేదు. మిగిలిన ముక్కల్ని సన్నగా కత్తిరించి చెత్తబుట్టలో వేశాడు. ఆ ముక్కలు కోస్తున్నంతసేపూ కూనిరాగం తీశాడని మేడమీద మిషన్ల దగ్గర కుట్టేవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు.

"ట్రయల్ వేద్దామా సార్?" అని మాత్రం ఒకసారి అడిగాడు.

"టైమెక్కడిది? అయినా ట్రయల్ దేనికి? నా టేపు ఎప్పుడైనా తప్పిందా?" అన్నాడు యజమాని.

ట్రయల్ బల్ల మీద పూలకుండీ ఉంది కూడాను.

ఫొటో రోజు పొద్దున పదింటికి పన్నెండుమందీ దుకాణానికి వచ్చారు. కోట్లు అక్కడే తొడుక్కుని, పదకొండున్నరకు ఎదురుగా ఉన్న క్లబ్బు తోటలో వరసగా నిలబడాలని ఏర్పాటు. ముదురు ఎరుపు కోట్లు కొయ్యలకు వేలాడుతూ కన్నులపండువగా ఉన్నాయి. వేలాడుతున్నంతవరకు వాటిలో ఏ లోపమూ లేదు.

ముందు హెడ్మాస్టరు తొడుక్కున్నాడు. బొత్తాం కాజా దగ్గరికి రాలేదు. కాజాను బొత్తాం దగ్గరికి లాగాడు. అదీ రాలేదు. పక్కన డాక్టరు ఊపిరి లోపలికి పీల్చి బొత్తాం పెట్టుకుని, ఆ ఊపిరితోనే నిలబడిపోయాడు. జడ్జి చేతులు ముందుకు చాచినవి మళ్ళీ కిందికి దించలేకపోయాడు. కార్యదర్శి అందరికంటే ధైర్యవంతుడు. రెండు బొత్తాలు పెట్టేసుకున్నాడు. మూడోది పెట్టుకోబోతుంటే మొదటిది తెగి, వెళ్ళి నిలువుటద్దానికి టంగుమని తగిలింది.

అందరూ యజమాని వంక చూశారు. యజమాని తన కోటు ఒక చెయ్యి తొడుక్కుని రెండోది తొడుక్కోలేక గోడవైపు తిరిగి ఉన్నాడు.

"బట్ట కుంచించుకుపోయిందండీ" అన్నాడు.

"కొత్త బట్ట ఇంకా నీళ్ళే చూడలేదు కదయ్యా" అన్నాడు జడ్జి, చేతులు అలాగే చాచి.

యజమాని తెర దగ్గరికి పరుగెత్తి, అంచు పట్టుకుని, లోపలికి తల పెట్టాడు. "మాస్టర్. ఒక్కసారి ఇలా రా. త్వరగా."

మాస్టరు బల్ల దగ్గర కుర్చీలో తీరిగ్గా కూర్చుని ఉన్నాడు. కత్తెర తుడుచుకుంటున్నాడు.

"ఎక్కడికి సార్?"

"ముందుకి. ఇవతలికి."

"నాకేం అభ్యంతరం లేదు సార్" అన్నాడు మాస్టరు, ముందు గదిలో అందరికీ వినపడేలా. "కానీ కస్టమర్లు ఉన్నారు కదండీ."

"కస్టమర్లే పిలుస్తున్నారయ్యా."

"వాళ్ళకి పట్టింపులు ఉంటాయి సార్. మీరే చెప్పారు. డాక్టరుగారికి ఏం లేదు గానీ హెడ్మాస్టరుగారికి ఇదిగా ఉంటుందని డాక్టరుగారన్నారు. హెడ్మాస్టరుగారు జడ్జిగారి గురించి కంగారు పడ్డారు. జడ్జిగారు కార్యదర్శిగారి కోసం చూశారు. కార్యదర్శిగారేమో మీ మనసు కష్టపెట్టలేనన్నారు. ఇంతమందిని ఇబ్బంది పెట్టి నేను బయటికి ఎలా వస్తాను? వాతావరణం బాగాలేదండీ."

తెరకు అవతల పన్నెండుమంది ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. హెడ్మాస్టరు డాక్టరును, జడ్జి హెడ్మాస్టరును, కార్యదర్శి జడ్జిని. బిగపట్టిన ఊపిరి డాక్టరు అక్కడే వదిలేశాడు. ఆయన బొత్తాం కూడా అద్దం దారి పట్టింది.

"నేనా మాట అన్నది ఆ అర్థంలో కాదు" అని మొదలుపెట్టాడు డాక్టరు.

"నా గురించి చెప్పడానికి మీరెవరండీ" అన్నాడు హెడ్మాస్టరు.

"పదిన్నర కావస్తోంది" అన్నాడు కార్యదర్శి. ఫొటోగ్రాఫరు అప్పటికే తోటలో స్టాండు పాతుతున్నాడు. "ఇదిగో మాస్టర్, నాకేం అభ్యంతరం లేదు. వచ్చెయ్. కానీ..."

"ఆ కానీ లేకుండా చెప్పండి సార్" అన్నది తెర.

కార్యదర్శి ఆ కానీ లేకుండా చెప్పాడు. అలా చెప్పడం అలవాటు లేనందువల్ల వాక్యం సగంలో తెగిపోయినట్టు వినిపించింది. తర్వాత జడ్జి చెప్పాడు. హెడ్మాస్టరు చెప్పాడు. డాక్టరు గొణిగాడు. సరిగ్గా వినపడలేదని తెర అనడంతో మళ్ళీ చెప్పాడు. పన్నెండుమందీ వరసగా, హాజరు పలికినట్టు పలికారు. చివరికి మిగిలింది యజమాని. ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి తెర మీద.

"మీరు కూడా సార్."

"నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు యజమాని. చిత్రమేమిటంటే ఆ మాట ఆయన పద్దెనిమిదేళ్ళుగా అంటూనే ఉన్నాడు. ఆరోజు మాత్రం నోరు ఎండిపోయింది.

మాస్టరు బయటికి వచ్చాడు. ముందుగా వెళ్ళి కిటికీ పక్క బల్ల మీది పూలకుండీ ఎత్తి యజమాని చేతిలో పెట్టాడు. పెట్టి, ఆయన మెడలోంచి టేపు తీసుకున్నాడు. జేబులో నోటుబుక్కు ఉంది. అంకెలన్నీ అందులో ఎప్పుడో ఉన్నాయి, కొలవవలసిన అవసరమే లేదు. అయినా కొలిచాడు. ఒక్కొక్కరినీ పీట ఎక్కించి, వెలుతురుకి తిప్పి, టేపు వదులుగా వేసి, కిటికీ రెక్కలు తెరిచి ఉన్న ఆ గదిలో గొంతెత్తి చదివాడు.

"డాక్టరుగారు, నడుము నలభై ఒకటిన్నర."

"ముప్పై తొమ్మిదిన్నర కదా" అన్నాడు యజమాని కుండీ పట్టుకుని.

"అది మీరు చెప్పింది సార్. ఇది టేపు చెప్పింది. జడ్జిగారు, నలభై. ఊపిరి వదలండి సార్, అది లెక్కలోకి రాదు. వదిలారా? నలభై ఒకటి. కార్యదర్శిగారు, నలభై నాలుగు ముప్పావు."

వీధిలో వెళ్ళేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగారు. ఆగినవాళ్ళలో హెడ్మాస్టరు దగ్గర చదువుకున్నవాళ్ళూ ఉన్నారు. హెడ్మాస్టరు నడుమును మాస్టరు రెండుసార్లు చదివాడు.

పన్నెండు కోట్ల కుట్లు విప్పి, లోపలి బట్ట వదిలి, మేడమీద నాలుగు మిషన్ల మీద మళ్ళీ కుట్టించారు. తెగిన బొత్తాలు మాస్టరు భార్య వచ్చి కుట్టింది. ఆమె కూడా ముందు తలుపులోంచే వచ్చింది. కార్యదర్శి ఎదుట నిలబడి బొత్తాం బిగిస్తూ, "కదలకండి, సూదికి మొహమాటం తెలియదు" అంది. కార్యదర్శి కదల్లేదు. పదకొండూ ఇరవైకి పన్నెండు కోట్లూ పన్నెండుమంది మీద పోతపోసినట్టు కూర్చున్నాయి.

అప్పుడు యజమాని తన కోటు ముందుకు చాచాడు. "ఇది కూడా మాస్టర్."

మాస్టరు దాన్ని తిరగేసి, వెలుతురులో పెట్టి, కుట్టంతా వేలితో తడిమాడు. ఆ తడమడంలో ఎంత గౌరవమో.

"లోపల బట్ట లేదు సార్."

"లేకపోవడమేమిటి? అందరికీ వదిలావుగా?"

"వాళ్ళ కొలతలు వేరేవాళ్ళు చెప్పినవి. మీది మీరే చెప్పుకున్నారు. మీ మాట మీద నాకు అనుమానం ఎందుకుంటుంది సార్?"

యజమాని, బొత్తాలు పెట్టిన పన్నెండు కోట్లను చూసి, తన కోటు వెనక్కి తీసుకున్నాడు.

తోటలో ఇంకో ఇబ్బంది వచ్చింది. క్లబ్బు గోడ చెమ్మ పట్టి మచ్చలు తేలింది, వెనక ఒక బట్ట ఉంటే బాగుంటుందన్నాడు ఫొటోగ్రాఫరు. మాస్టరు దుకాణంలోకి వెళ్ళి, ఆకుపచ్చ తెరను ఇత్తడి రింగులతో సహా ఊడదీసి తెచ్చాడు. "ఇది వాడుకోండి. ఇక నాకు పనిలేదు" అన్నాడు. ఒక కొస చెట్టుకు కట్టారు. రెండో కొసకు ఏమీ లేదు, గాలికి ఎగిరిపోతోంది. ఎవరైనా పట్టుకోవాలి. పట్టని కోటు చేత పట్టుకుని నిలబడ్డ కొత్త సభ్యుడి వంక అందరూ చూశారు.

"మీరు వరసలో ఉండడానికి మాకేం అభ్యంతరం లేదండీ" అన్నాడు కార్యదర్శి ఎంతో మృదువుగా. "కానీ ఫొటో శాశ్వతంగా ఉండేది. రేపు చూసేవాళ్ళు ఏమనుకుంటారో."

యజమాని తెర పట్టుకుని దాని వెనక నిలబడ్డాడు.

మాస్టరు ఆ మధ్యాహ్నమే తన కత్తెరా నోటుబుక్కూ తీసుకుని ముందు తలుపు నుంచి వెళ్ళిపోయాడు. ఆగమని యజమాని అన్నాడు, కిటికీ పక్క బల్ల ఇస్తానన్నాడు. మాస్టరు వినపడనట్టు వీధి దాటాడు. అటు పక్క వరసలో రెండు కిటికీలున్న గది ఒకటి అద్దెకు తీసుకుని, వెలుతురులో బల్ల వేశాడు. పాత దుకాణంలో ఆ తర్వాత కోసిన ప్రతి కోటూ వెనక్కి వచ్చింది. సంవత్సరం తిరక్కుండా యజమాని కొలతలు తీయడం మానేసి, కుట్టిన కోట్లు బయటినుంచి తెప్పించి అమ్ముకోవలసి వచ్చింది. మాస్టరు కిటికీలోంచి చూస్తే ఆ ముందు గది మొత్తం కనపడేది. బల్లను అలా వేసుకున్నాడు.

పెద్దమనుషులంతా ఆయన దగ్గరికే వచ్చారు. మనసులు మారి వచ్చారని ఎవరూ అనుకోకూడదు, మాస్టరు కూడా అనుకోలేదు. వాళ్ళ నడుములు ఆయన జేబులో ఉన్నాయి, అందుకని వచ్చారు. వీధి కిటికీ తెరిచి, ఆయన అంకెలు గొంతెత్తి చదివేవాడు.

"కాస్త మెల్లిగా మాస్టర్" అని జడ్జి బతిమాలేవాడు.

"నాకేం అభ్యంతరం లేదండీ. కానీ మా ఆవిడకి వినపడదు" అనేవాడు మాస్టరు. రెండు గజాల దూరంలో పుస్తకం పట్టుకుని కూర్చున్న ఆమె, చీమ నడిచినా వినగలిగిన మనిషి, చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఎంత?" అనేది. ఆయన మళ్ళీ చదివేవాడు.

రెండేళ్ళ తర్వాత కార్యదర్శి కొత్త కోటు ఇవ్వడానికి మాస్టరు క్లబ్బు ముందు మెట్లెక్కి వెళ్ళాడు. హాల్లో గోడ పొడుగునా పెద్దది చేసి తగిలించిన ఆ ఫొటో ఉంది. పన్నెండు ఎర్రకోట్లు, వెనక ఆకుపచ్చ తెర. ఎడమ అంచున తెరను పట్టుకున్న నాలుగు వేళ్ళ కొసలు. చూడమని చెబితే తప్ప కనపడవు. మాస్టరు అటూ ఇటూ చూసి, మెడలోంచి టేపు తీసి, అద్దం మీద ఆ వేళ్ళ పొడుగున ఆనించి, యజమాని ఏపాటి కనిపిస్తున్నాడో కొలిచాడు.

రెండంగుళాలు. తగ్గించకుండా, కలపకుండా నోటుబుక్కులో రాసుకున్నాడు.